ఐటీ వదిలేసి డెవలప్‌మెంట్, కాన్‌ఫ్లిక్ట్ మీద రీసెర్చ్‌లోకి రావచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వేం అడిగావో రెండు ముక్కల్లో పెడతా. బీటెక్ అయ్యింది, ఐటీలో రెండేళ్లు చేశావ్, మధ్యలో అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని పీఎస్‌ఐఆర్ (పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్) ఆప్షనల్‌తో సివిల్స్ రాశావ్, ప్రిలిమ్స్ పోయింది కానీ సబ్జెక్ట్ మాత్రం వదల్లేదు. ఇప్పుడు అభివృద్ధికీ హింసకీ ఉన్న సంబంధం మీద పనిచేసే పొలిటికల్ సైంటిస్ట్ అవ్వాలనుంది. వీళ్లు అసలు రోజూ ఏం చేస్తారు, పీహెచ్‌డీ ఇక్కడా బయటా, డబ్బులొస్తాయా, మావోయిస్టులు అయిపోతున్న టైమ్‌లో ఈ టాపిక్ ఎందుకు, ఇంట్లో ఏం చెప్పాలి. ఇవీ నీ ప్రశ్నలు.

నాది కొత్తగూడెం, నాన్న సింగరేణిలో చేసేవారు. ఉస్మానియాలో ఎంఏ, తర్వాత అమెరికాలో పీహెచ్‌డీ, ఇప్పుడు అక్కడే ఒక స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ రీసెర్చ్ చేస్తున్నా. కాబట్టి నేను చెప్పేది నా దారిలోంచి కనిపించేది, ఎన్జీవో వైపు నుంచో యూఎన్ వైపు నుంచో వచ్చినవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు, వాళ్లూ రాస్తే బాగుంటుంది.

ఫస్ట్ విషయం, సివిల్స్ ఆప్షనల్‌లో నీకు నచ్చిన పొలిటికల్ సైన్స్ వేరు, ఈ పని వేరు. అక్కడ "నక్సలిజానికి కారణాలు రాయుము" అంటే భూమి, పేదరికం, అటవీ హక్కులు, పాలనా లోపం అని ఆరు పాయింట్లు రాసి మధ్యలో ఒక ఫ్లోచార్ట్ గీస్తే మార్కులు పడతాయి. ఇక్కడ ఆ ఆరింటిలో ఒక్కటి పట్టుకుని, ఇది నిజంగా కారణమే అయితే ఏ ఊళ్లో ఏ ఏడాది ఏం కనబడాలి, కారణం కాకపోతే ఏం కనబడాలి అని అడిగి, దానికి జవాబు వెతకడానికి నాలుగైదేళ్లు పడుతుంది. చాలామంది ఇక్కడే జారుకుంటారు. వాళ్లకి ఘర్షణ గురించి మాట్లాడటం ఇష్టం, ఇలా కూర్చుని తవ్వడం కాదు. తప్పేం లేదు, జర్నలిజం ఉంది, యాక్టివిజం ఉంది, లాయర్ అవ్వచ్చు. ఈ మూడిట్లో ఉన్నవాళ్లు ఊళ్లకి మాకన్నా ఎక్కువ పనికొచ్చిన సందర్భాలు బోలెడు.

"అభివృద్ధి వస్తే హింస తగ్గుతుంది" అనేది కలెక్టర్ నుంచి ప్రధాని దాకా అందరూ చెప్పే మాట. వినడానికి ఎంత సహజంగా ఉంటుందో, లెక్క తీయబోతే అంత జారిపోతుంది. కొలంబియా కేసు చూడు. అక్కడ కాఫీ రేటు పడిపోయినప్పుడు కాఫీ పండే ప్రాంతాల్లో హింస పెరిగింది, ఓకే, జనం చేతిలో పని లేక సాయుధ గ్రూపుల్లోకి పోయారనుకుందాం. కానీ ఆయిల్ రేటు పెరిగినప్పుడు ఆయిల్ ఉన్న ప్రాంతాల్లో కూడా హింస పెరిగింది! రెండూ డబ్బే కదా, ఒకచోట తగ్గితే గొడవ, ఇంకోచోట పెరిగితే గొడవ. ఎందుకంటే కాఫీ డబ్బు కూలీల చేతికి పోతుంది, ఆయిల్ డబ్బు వల్ల కూలీలకి పెద్దగా ఒరిగేదేం లేదు, అది మున్సిపాలిటీ ఖజానాలోకీ కాంట్రాక్టుల్లోకీ పోతుంది, దాన్ని కొట్టేయడానికి గన్నులు పట్టుకుని వస్తారు. అంటే "అభివృద్ధి" అనే ఒకే సరుకు లేదు, డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతోందనేదే అసలు సంగతి. తునికాకు రేటు ఎవరు పెంచారు, కాంట్రాక్టర్ దగ్గర ఎవరు ఎంత వసూలు చేశారు అనే కథలు మా వైపు చిన్నప్పట్నుంచి వింటూ పెరిగినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు, కాకపోతే దాన్ని రుజువు చెయ్యడమే మా ఉద్యోగం.

ఇప్పుడు మన దగ్గరి కేసుకి వద్దాం, ఇది కొంచెం పెద్దగా చెప్తా ఎందుకంటే ఈ ఒక్కటి అర్థమైతే నీకీ ఫీల్డ్ సగం అర్థమైనట్టే. ఉపాధి హామీ పథకం, మనోళ్లు కరువు పని అంటారు చూడు, అది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. దేశం మొత్తం ఒకేసారి ఇవ్వలేదు, మొదటి విడత 200 జిల్లాలు, 2007లో ఇంకో 130, 2008లో మిగతావన్నీ. ఉమ్మడి ఏపీలో మొదటి విడతలో 13 జిల్లాలొచ్చాయి. రీసెర్చర్లకి ఇలా విడతలవారీగా ఇవ్వడం పండగ, ఎందుకంటే ఒకే టైమ్‌లో పథకం వచ్చిన జిల్లా, రాని జిల్లా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. సరే, పథకం వచ్చాక మావోయిస్టు హింస తగ్గిందా?

ముగ్గురు మూడు రకాల జవాబులిచ్చారు. ఒక టీమ్ ఏమంది, మొదట్లో హింస పెరిగింది, అదీ ముఖ్యంగా పోలీసులు మావోయిస్టుల మీద చేసిన దాడులు పెరిగాయి, ఎందుకంటే పని దొరికిన జనం ప్రభుత్వం వైపు కొంచెం మొగ్గి సమాచారం ఇచ్చుంటారు అంది. ఇంకో రీసెర్చర్ అన్నాడు, మామూలుగా వాన పడని ఏడాది గొడవలు పెరుగుతాయి, పథకం వచ్చాక ఆ లింక్ తెగిపోయింది, వాన లేకపోయినా కూలి ఉంది కాబట్టి. మూడో టీమ్ అంది, దీర్ఘకాలంలో హింస బాగా తగ్గింది, కానీ అన్నిచోట్లా కాదు, పథకాన్ని సరిగ్గా నడిపే యంత్రాంగం ముందే ఉన్నచోట మాత్రమే, అందులోనూ ప్రధానంగా ఆంధ్రప్రదేశ్‌లో. మస్టర్ రోల్ కంప్యూటర్‌లోకి ఎక్కడం, సోషల్ ఆడిట్‌లో ఫీల్డ్ అసిస్టెంట్‌ని ఊరందరి ముందు నిలబెట్టి పేరుపేరునా చదివి అడగడం, ఇవి ఇక్కడ జరిగినంతగా జార్ఖండ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో జరగలేదు.

ఇది చదివి మన రాష్ట్రం గొప్ప అని మురిసిపోయే ముందు ఆగు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకీ చర్చలు జరిగాయి, 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి, ఆ తర్వాత మావోయిస్టుల కోసమే పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ ఆపరేషన్లు ఏ స్థాయిలో జరిగాయో మన వైపు అందరికీ తెలుసు. గ్రేహౌండ్స్ పెట్టింది 1989లో, అప్పటికి దానికి పదిహేనేళ్ల అనుభవం. సరిగ్గా అదే టైమ్‌లో కరువు పని వచ్చింది. మరి హింస తగ్గింది కూలి వల్లనా తుపాకీ వల్లనా? గ్రేహౌండ్స్ రాష్ట్రమంతా ఉంది, పథకం విడతలుగా వచ్చింది కాబట్టి జిల్లాల మధ్య తేడా చూసి విడదీయొచ్చు అంటారు. కొంతవరకు నిజమే. కానీ మొదటి విడత జిల్లాల్ని లాటరీ తీసి ఎంచలేదు, వెనకబడినవి అని ఎంచారు, ఆ లిస్టులో నక్సల్ ప్రభావిత జిల్లాలు గట్టిగానే ఉన్నాయి, పోలీసు బలగాలు ఎక్కువ పోయిందీ ఆ జిల్లాలకే. నా వరకు నేను మూడో టీమ్ చెప్పింది చాలావరకు నమ్ముతా, కానీ ఆంధ్రలో తగ్గిన హింస మొత్తం కూలి ఖాతాలో వేస్తే మాత్రం ఒప్పుకోను. ఇలా ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆగాలి అని తేల్చుకోవడమే మా రోజువారీ పని. సెమినార్‌లలో జరిగే కొట్లాటలన్నీ దీని గురించే.

ఆ మూడో టీమ్‌లో ఇంకో విశేషముంది, నీకు పనికొచ్చేది. వాళ్లు డేటాని స్థానిక భాషల పత్రికల నుంచి కట్టారు. చాలామంది వాడేది సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్ లాంటివి, అవి ఎక్కువగా ఇంగ్లిష్ పత్రికల మీద నడుస్తాయి. తేడా ఏంటో చెప్తా. జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఇలాంటి వార్త ఒకటుందనుకో: చింతూరు మండలంలో ఒక ఊరి దగ్గర మంగళవారం అర్ధరాత్రి గుర్తుతెలియని వ్యక్తులు రోడ్డు పనులకి తెచ్చిన జేసీబీని తగలబెట్టారు. దీన్ని ఎక్సెల్‌లో ఒక వరసగా మార్చాలి. తేదీ ఏం వేస్తావ్? పేపర్ గురువారానిది, ఘటన మంగళవారం అర్ధరాత్రి, అంటే క్యాలెండర్ ప్రకారం బుధవారం. ఎవరు చేశారు? మావోయిస్టులని పోలీసులంటారు, ఇద్దరు కాంట్రాక్టర్ల గొడవ అని ఊళ్లో అంటారు, మండల విలేకరి సేఫ్‌గా గుర్తుతెలియని అని రాశాడు. చనిపోయినవాళ్లు సున్నా. స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీ డేటాబేస్ చావుల లెక్క మీదే నడుస్తుంది, ఒక ఏడాదిలో పోరులో 25 మంది చనిపోతేనే అది సాయుధ ఘర్షణ, 1000 దాటితే యుద్ధం. మన జేసీబీ అందులోకి రానే రాదు, హైదరాబాద్ ఇంగ్లిష్ ఎడిషన్‌లోకి కూడా రాదు. కానీ ఆ రోడ్డు ఆగిపోయింది, అభివృద్ధికీ ఘర్షణకీ సంబంధం మీద పనిచేసేవాడికి అంతకన్నా ముఖ్యమైన ఘటన ఏముంటుంది చెప్పు.

జిల్లా కాలమ్‌లో ఏం రాస్తావ్? చింతూరు 2014 దాకా ఖమ్మం, పోలవరం ముంపు మండలాలని ఆంధ్రలో కలిపాక తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, 2025 చివర్లో పోలవరం జిల్లా. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. కంప్యూటర్‌కిస్తే "ఖమ్మంలో హింస తగ్గింది" అని చెప్తుంది, తగ్గింది హింస కాదు ఖమ్మం! ఇంకోటి, 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి, మండలానికో విలేకరి వచ్చాడు. దాంతో అప్పటిదాకా పేపర్‌కెక్కని చిన్న ఘటనలు కూడా ఎక్కడం మొదలైంది. ఆ టైమ్ గ్రాఫ్ గీస్తే ఘటనలు పైకి లేస్తాయి, అందులో ఎంత హింస, ఎంత విలేకరి అనేది తెలుగు పేపర్ చరిత్ర తెలిసినవాడికి తప్ప తట్టదు. బోస్టన్‌లో కూర్చున్న ప్రొఫెసర్‌కి నువ్వు చేసే కోడింగ్ రాకపోయినా ఇంకో పదిమంది స్టూడెంట్స్ చేసి పెడతారు, ఇది మాత్రం చేసి పెట్టేవాళ్లు దొరకరు. తెలుగు చదవడం రావడం రెజ్యూమేలో "లాంగ్వేజెస్" కింద చివర్లో రాసుకునే విషయం కాదు ఈ ఫీల్డ్‌లో, అదే నీ పెట్టుబడి. గోండీనో కోయనో నేర్చుకుంటే ఇంకా మంచిది, నిజంగా చెప్తున్నా, ఆ భాషలొచ్చిన రీసెర్చర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫిలిప్పీన్స్ స్టడీ ఒకటుంది, అది చెప్పకపోతే ఈ జేసీబీ కథ సగమే అవుతుంది. అక్కడ ఒక పెద్ద గ్రామీణ అభివృద్ధి పథకం ప్రతి ప్రావిన్స్‌లో అడుగునున్న పావు వంతు పేద మున్సిపాలిటీలకే ఇచ్చారు. గీతకి కొంచెం ఇటున్నదానికి పథకం వచ్చింది, కొంచెం అటున్నదానికి రాలేదు, మిగతా అన్నిట్లో రెండూ దాదాపు ఒకటే. పోల్చి చూస్తే పథకం వచ్చినచోటే చావులు పెరిగాయి. కారణం, పథకం సక్సెస్ అయితే తమకి జనం మద్దతు పోతుందని తిరుగుబాటుదారులు దాన్ని మొదట్లోనే దెబ్బకొట్టడానికి చూశారు. అంటే మన జేసీబీ తగలబడటం వెనక కూడా ఇలాంటి లెక్కే ఉండొచ్చు. కాకపోతే పాలసీవాళ్లకి ఇది చెప్తే మొహం మాడ్చుకుంటారు.

ఫీల్డ్ వర్క్ గురించి అడిగావ్, చాలా థ్రిల్లింగ్‌గా ఉంటుందా అని. ఉండదు. ఎక్కువ టైమ్ మండల ఆఫీసులో "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అనే మాట వింటూ బయట బెంచీ మీద కూర్చోవడమే. ఐటీడీఏలో, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలో, ఒక పాత ఫైల్ చూడ్డానికి పర్మిషన్ లెటర్, దాని మీద ఇంకొకరి సంతకం, ఆయన లీవ్. థ్రిల్ కావాలనుకుని అడవిలోకి పోయి దళం ఇంటర్వ్యూ చేస్తానంటే నీకూ రిస్క్, నీతో మాట్లాడినవాళ్లకి ఇంకా పెద్ద రిస్క్. అసలు నేరుగా అడగకూడని ప్రశ్నలు ఉంటాయి. "మీ ఊళ్లో మావోయిస్టులకి అన్నం పెట్టారా" అని అడిగితే నిజం చెప్పేదెవరు, చెప్తే వాళ్ల గతేంటి?

దానికి లిస్ట్ ఎక్స్‌పెరిమెంట్ అని ఒక పద్ధతుంది. ఊళ్లో సగం మందికి, ఎవరికి ఏది అనేది లాటరీ పద్ధతిలో, నాలుగు పేర్లున్న లిస్ట్ చదువుతావ్, సర్పంచ్, స్కూల్ టీచర్, పోస్ట్‌మాస్టర్, ఫారెస్ట్ గార్డ్ అనుకో, వీళ్లలో ఎంతమంది మీద నమ్మకముందో సంఖ్య మాత్రం చెప్పమంటావ్, ఎవరో చెప్పక్కర్లేదు. మిగతా సగం మందికి అదే లిస్ట్‌లో ఐదోది కలుపుతావ్, ఆ నేరుగా అడగలేని పేరు. మొదటి సగం సగటు 2.1, రెండో సగం సగటు 2.4 వచ్చిందనుకో, ఆ ఐదో పేరుని నమ్మేవాళ్లు సుమారు 30 శాతం అని తెలుస్తుంది, కానీ ఎదురుగా కూర్చున్న పెద్దాయన అందులో ఉన్నాడో లేడో చాలావరకు నీకు కూడా తెలీదు. రేపు ఎవరైనా వచ్చి నీ ల్యాప్‌టాప్ లాక్కున్నా తెలీదు. ఈ ఐడియా నాకు మొదటిసారి క్లాసులో విన్నప్పుడు భలే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి, లెక్క పెట్టి చెప్పమంటే చాలామందికి చిరాకు, జనం వేలమందిలో లేకపోతే ఫలితం దేనికీ పనికిరాదు.

ఎథిక్స్ రివ్యూ గురించి కూడా ఒక మాట. యూనివర్సిటీ కమిటీ పర్మిషన్ లేకుండా మనుషుల్ని ప్రశ్న అడగడానికి లేదు. కొత్తవాళ్లు దీన్ని ఫారమ్‌ల గోల అనుకుంటారు. అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవడం రూల్ అనుకుంటాం కదా, కానీ గొడవ ఉన్న ఊళ్లో సంతకమున్న కాగితమే ప్రమాదం, అందుకని నోటిమాటతో అంగీకారం తీసుకుంటామని కమిటీకి రాసి ఒప్పించాలి. దానికన్నా పెద్ద ప్రశ్న నీ లోకల్ అసిస్టెంట్ గురించి. నువ్వు ఫ్లైట్ ఎక్కుతావ్, ఆ అబ్బాయి అక్కడే ఉంటాడు, వచ్చినవాళ్లు ఏం అడిగారు అని రెండు వైపులా అతన్నే అడుగుతారు. అతని పేరు పేపర్‌లో వెయ్యాలా వద్దా అనేది కూడా అతన్నే అడిగి తేల్చాలి. నాలాగా ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఫీల్డ్‌లో మనకి ఇబ్బందులు ఎక్కువే, కానీ వంటింటి వైపు తలుపు మనకే తెరుస్తారు, అక్కడ వినే విషయాలు బయట అరుగు మీద కూర్చున్న మగ రీసెర్చర్‌కి ఎప్పటికీ వినబడవు.

ఇదేదో అమెరికా నుంచి దిగిన కొత్త విద్య కూడా కాదులే. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంని చంపాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త చేత ఆదిలాబాద్ గోండుల పరిస్థితి మీద రిపోర్టులు రాయించింది. ఆ తర్వాతే భూమి పట్టాలు, మార్లవాయిలో గోండీ టీచర్ల ట్రైనింగ్. తిరుగుబాటు, దాని మీద రీసెర్చ్, దాన్నుంచి పాలసీ, అన్నీ అక్కడున్నాయి. ప్రభుత్వం కోసం రీసెర్చ్ చేస్తే ఎంతవరకు స్వతంత్రంగా ఉండగలం అనే ప్రశ్న కూడా అప్పట్నుంచే ఉంది, నీకూ వస్తుంది, రక్షణ శాఖల డబ్బుతో నడిచే ప్రాజెక్టులు ఈ ఫీల్డ్‌లో తక్కువేం కాదు. నేను అలాంటివాటిలో చేరలేదు, చేరినవాళ్లలో మంచి రీసెర్చర్లు ఉన్నారు.

ఇక పీహెచ్‌డీ. అమెరికాలో ఐదారేళ్లు, మంచి ప్రోగ్రామ్ అయితే ఫీజు మాఫీ, స్టైపెండ్ ఏడాదికి మామూలుగా 30 వేల నుంచి 50 వేల డాలర్ల మధ్య, ఊరి ఖర్చుని బట్టి. ఎంఏ లేకపోయినా తీసుకుంటారు, నీ బీటెక్ అడ్డం కాదు, ప్రాబబిలిటీ, కోడింగ్ వచ్చు కాబట్టి ప్లస్సే. అప్లికేషన్లు చాలాచోట్ల డిసెంబర్ మొదటి సగంలో ముగుస్తాయి, జీఆర్‌ఈ చాలాచోట్ల ఆప్షనల్. ఫండింగ్ లేకుండా అడ్మిషన్ ఇస్తే వెళ్లొద్దు, లోన్ తీసి పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ చెయ్యడం లాంటి తెలివితక్కువ పని ఇంకోటి లేదు. స్వీడన్, నార్వేల్లో పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, జీతమిస్తారు, సీట్లు తక్కువ, ఉప్సలాలో ఈ సబ్జెక్ట్‌కి సొంత డిపార్ట్‌మెంటే ఉంది, ఓస్లోలో 1959 నుంచి నడుస్తున్న పీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బ్రిటన్‌లో బయటి దేశాలవాళ్లకి ఫండింగ్ కష్టం.

ఇండియాలో అయితే హెచ్‌సీయూ, జేఎన్‌యూ, ఉస్మానియా, ప్రైవేట్‌లో అశోకా, అజీమ్ ప్రేమ్‌జీ లాంటివి. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కొడితే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. జనరల్‌కి జేఆర్‌ఎఫ్ వయసు 30 లోపు, ఇది మర్చిపోకు. డబ్బులు ఆలస్యంగా పడతాయనేది పీహెచ్‌డీ హాస్టల్‌లో ఎవరినడిగినా చెప్తారు. ఇక్కడ మన యూనివర్సిటీల్లో సిద్ధాంతం, చరిత్ర బాగా చెప్తారు, స్టాటిస్టిక్స్ ట్రైనింగ్ మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాల్సి వస్తుంది. అమెరికాలో సరిగ్గా దానికి ఎదురు, రిగ్రెషన్ లాంటి గణాంక పద్ధతులు కళ్లు మూసుకుని చేస్తారు, ఏజెన్సీ భూములు ప్రైవేట్ గనులకి ఇవ్వొద్దన్న సమత తీర్పు అంటే ఏంటి, గిరిజన భూములు గిరిజనేతరులకి పోకుండా తెచ్చిన 1/70 చట్టం అంటే ఏంటి అని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఎక్కడ చదివినా రెండో సగం నువ్వే సొంతంగా నింపుకోవాలి.

డబ్బు, ఉద్యోగం గురించి నిజం చెప్తా. ఇండియాలో సెంట్రల్ యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700, డీఏ అవీ కలిపి మొదట్లో లక్ష చుట్టుపక్కల, ఐటీలో నీ బ్యాచ్‌మేట్స్ అప్పటికి ఎక్కడుంటారో నీకు తెలుసు. పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి, గెస్ట్ ఫ్యాకల్టీగా లాగేస్తారు. అమెరికాలో ఎండాకాలం చివర్నుంచి పోస్టులు పడతాయి, ఒక్కోదానికి వందల్లో అప్లికేషన్లు, పీహెచ్‌డీ అయినవాళ్లలో పర్మనెంట్ టీచింగ్ ఉద్యోగం దొరకనివాళ్లు బోలెడు. ఇదివరకు వాళ్లకి ఇంకో దారుండేది, డెవలప్‌మెంట్ సంస్థలు, కన్సల్టింగ్, ప్రాజెక్ట్ ఎవాల్యుయేషన్. 2025లో విదేశాలకి సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేశారు, జూలై 1తో ఆ సంస్థ కథ అయిపోయింది, దాని మీద బతికే కాంట్రాక్టర్లు, రీసెర్చ్ సంస్థలు ఒక్కసారిగా మనుషుల్ని తీసేశాయి. పేద దేశాల్లో ఇంటింటి సర్వేలు చేసే డీహెచ్‌ఎస్ ప్రోగ్రామ్ కూడా ఆ డబ్బుతోనే నడిచేది, 2025లో దానికీ ఆ డబ్బు ఆగింది, అంటే ఉద్యోగాలకే కాదు, డేటాకి కూడా దెబ్బ పడింది. యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గిస్తున్నాయి. కాబట్టి 2015లో ఇచ్చిన సలహా ఇప్పుడు ఎవరైనా ఇస్తే వినకు. వరల్డ్ బ్యాంక్, యూఎన్ కలలు పక్కన పెట్టు, వస్తే మంచిదే. నీ దగ్గర ఒక అడ్వాంటేజ్ ఉంది, కోడింగ్, డేటా పని వచ్చు, అకడమిక్స్ కలిసి రాకపోతే వెనక్కి పోడానికి తలుపుంది. ఎంఏ పొలిటికల్ సైన్స్ మాత్రమే చేసినవాళ్లకి అది లేదు.

మావోయిస్టులు అయిపోయాక ఈ టాపిక్ ఎందుకన్నావ్. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, అబూజ్‌మడ్‌లో నంబాల కేశవరావు చనిపోయాడు, పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడు, వరంగల్ ఆర్‌ఈసీలో చదివినవాడు. మావోయిస్టుల్ని పూర్తిగా లేకుండా చెయ్యడానికి కేంద్రం 2026 మార్చి 31 అని గడువు పెట్టుకుంది. సరే. శ్రీకాకుళం ఉద్యమం కూడా 1970కల్లా అయిపోయిందన్నారు, కానీ నక్సల్ ఉద్యమం ఇంకోచోట లేచి, 1978లో జగిత్యాల, సిరిసిల్లని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. నేను మళ్లీ వస్తుందని జోస్యం చెప్పట్లేదు, ఆ పని మాది కాదు. కానీ గన్ను ఆగాక మొదలయ్యే ప్రశ్నలే మా సబ్జెక్ట్‌లో ఇంకా పెద్దవి. లొంగిపోయినవాళ్లు ఊళ్లో ఎలా కలుస్తారు, పోలీసు క్యాంపులు తీసేస్తారా ఉంచుతారా, గనులొస్తే వాటా ఎవరిది, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా దొరికిన ఊరికీ దొరకని ఊరికీ ఓటు వెయ్యడంలో తేడా ఉందా, పోలవరం ముంపు ఊళ్లవాళ్లు కొత్త కాలనీల్లో ఎవరిని నాయకుడంటున్నారు. నేపాల్‌లో పదేళ్ల యుద్ధం 2006లో ఆగింది, ఆ తర్వాత ఏం జరిగిందనే దాని మీద రీసెర్చ్ ఇప్పటికీ వస్తూనే ఉంది. ఇంతకాలం భయంతో నోరు విప్పనివాళ్లు ఇప్పుడు మాట్లాడొచ్చు, వాళ్లలో చాలామంది పెద్దవాళ్లయ్యారు, తర్వాత చూద్దాంలే అనుకుంటే మాట్లాడేవాళ్లు ఉండరు. ఘర్షణ అంటే మావోయిస్టులే అని కూడా కాదు, మణిపూర్ ఉంది, హైదరాబాద్ పాతబస్తీలో ఒకప్పుడు వరసగా హిందూ ముస్లిం కల్లోలాలు జరిగి లక్నోలో ఎందుకు జరగలేదు అనేది మన సబ్జెక్ట్‌లో పేరున్న ప్రశ్న, దాని మీద జవాబులు ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి.

ఇంట్లో ఏం చెప్పాలంటావా, "ప్రొఫెసర్ అవుతా" అని చెప్పు, అంతకన్నా వివరంగా చెప్పే కొద్దీ గొడవ పెరుగుతుంది. నక్సలైట్ల మీద రీసెర్చ్ అనే మాట పెళ్లిచూపుల్లో మాత్రం అనొద్దు, మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి "మా అమ్మాయి గ్రామీణాభివృద్ధిలో డాక్టర్" అని చెప్తుంది, కొందరు మోకాళ్ల నొప్పులకి మందు కూడా అడిగారు.

ఉద్యోగం ఇప్పుడే మానెయ్యకు. ఒక జిల్లా, ఒక ఐదేళ్లు తీసుకో, పాత జిల్లా ఎడిషన్లు లైబ్రరీలో దొరికినంతవరకు చదివి, శనాదివారాల్లో నేను పైన చెప్పినట్టు వరసలు కట్టు. స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ అనే లాంగ్వేజ్ నేర్చుకో, పైథాన్ వచ్చు కాబట్టి త్వరగా వస్తుంది, క్యూజీఐఎస్ ఫ్రీ, మ్యాప్ గియ్యడం నేర్చుకో. ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో పంచాయతీ స్థాయి లెక్కలు ఎవరైనా చూడొచ్చు, దాన్ని నీ వరసల పక్కన పెట్టు. రెండు మూడు నెలలయ్యాక ఇంకా తవ్వాలనిపిస్తే ఏదైనా రీసెర్చ్ సంస్థలో, జే-పాల్ సౌత్ ఏషియా కావచ్చు, హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) కావచ్చు, ఏడాది రీసెర్చ్ అసిస్టెంట్‌గా చెయ్యి, జీతం తగ్గుతుంది, కానీ రికమెండేషన్ లెటర్ అక్కడే పుడుతుంది. విసుగొస్తే వదిలెయ్, నష్టం కొన్ని వీకెండ్లే.

ఎస్‌ఓపీ (అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాశాక నాకు మెసేజ్ పెట్టు, చదివి చెప్తా. "చిన్నప్పట్నుంచి సమాజానికి సేవ చెయ్యాలని" అని మాత్రం మొదలుపెట్టకు, నువ్వు కట్టిన డేటాలో నిన్ను గిల్లిన ఒక్క ఘటనతో మొదలుపెట్టు. అక్టోబర్ లోపు పంపు, నవంబర్‌లో మా డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్వ్యూలుంటాయి, అప్పుడు పంపితే తిట్టుకుంటూ చదువుతా.